చాంపియన్ రీఫ్స్: పైన ఊరు, కింద గని

చిత్తూరు సరిహద్దు దాటితే కర్ణాటకలో కోలారు బంగారు గనుల ప్రాంతం. అందులో ఒక పేట చాంపియన్ రీఫ్స్. చుట్టూ మెట్టభూములు, రాతిగుట్టలు, బంగారం తీశాక మిగిలిన రాతిపొడితో పేరుకున్న సైనైడ్ దిబ్బలు. గాలి రేగితే ఆ దుమ్మంతా ఇళ్లమీదే!

అసలు విడ్డూరం నేల కింద ఉంది. ఇక్కడి గని 3 కిలోమీటర్లకు పైగా లోతు. అట్టడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. ఆ వేడిలో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులు. చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. అందుకే కన్నడ నేలమీద తమిళం, తెలుగు గట్టిగా వినిపిస్తాయి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. జనం మాత్రం ఊరు వదల్లేదు. చాలామంది తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లివస్తారు. బంగారుపేట నుంచి మారికుప్పం వెళ్లే రైల్లో చివరి స్టేషన్‌కు ముందు వచ్చేదే ఈ పేట స్టేషన్, చాంపియన్.