ఉన్న పార్కు బాగుచేసుకోండి, పక్క పొలం అడగకండి
(సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఉన్న నాలుగెకరాల్లో కలుపు తీయకుండా పక్కవాడి రెండెకరాలు కౌలుకు పట్టే రైతును ఊళ్లో ఏమంటారో మీకు తెలుసు. ఆశపోతు అంటారు. ఈ రోజు అంతకంటే చాలా పెద్ద ఆసామి గురించి మాట్లాడతాను. డిస్నీ కంపెనీ, దాని వినోద పార్కులు. రైతు సంఘం తరగతిలో ఈ బొమ్మల గోల ఎందుకని అనుకోవద్దు. ఆ పార్కులూ భూమి మీదే కట్టారు. ఆ భూమిలో ఒకప్పుడు పంటలు పండాయి, పశువులు మేశాయి.

అమెరికాలోని ఫ్లోరిడాలో, ఓర్లాండో నగరం దగ్గర ఆ కంపెనీ సుమారు 27 వేల ఎకరాలు కొన్నది. 1971లో మొదటి పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్ తెరిచారు. 1998 నాటికి పార్కులు నాలుగయ్యాయి. అయిదోది కట్టాలా, ఉన్న నాలుగూ బాగుచేయాలా అని అక్కడ ఏళ్ల తరబడి వాదన నడుస్తోంది. 2024లో అక్కడి పాలనా సంస్థతో కుదిరిన ఒప్పందం అయిదో పార్కుకు వీలు కల్పించింది. అయినా అదే ఏడాది కంపెనీ ప్రకటించింది మ్యాజిక్ కింగ్‌డమ్‌నే పెంచుతామని. అందుకోసం ఆ పార్కు లోపల మొదటి నుంచీ ఉన్న కాలువను 2025 జులైలో మూసేశారు.

మరి అంత భూమి ఎట్లా వచ్చింది? 1964, 65లలో డిస్నీ పేరు బయటికి రాకుండా డొల్ల కంపెనీల పేర్లతో కొన్నారు. చాలా భాగం చిత్తడి నేల, పశువుల బీళ్లు. సగటున ఎకరం 200 డాలర్ల లోపే పడింది. 1965 అక్టోబరులో కొంటున్నది ఎవరో పత్రికల వల్ల తెలిసేసరికి చుట్టుపక్కల ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి. అప్పటికే అమ్ముకున్నవాళ్లకు మిగిలింది విచారమే. రింగ్ రోడ్డు ఎటు వస్తుందో ముందే తెలిసినవాడు మన పొలం గట్టు మీదికి వచ్చి బేరం చేసినట్టన్న మాట.

ఫ్రాన్స్‌లో మరో దారి పట్టారు. ప్యారిస్‌కు తూర్పున గోధుమ, చక్కెర దుంప పండే మైదానం ఉంది. 1987 మార్చి 24న ఫ్రెంచి ప్రభుత్వం, డిస్నీ కంపెనీ ఒప్పందం చేసుకున్నాయి. 1,943 హెక్టార్లు, అంటే సుమారు 4,800 ఎకరాలు. ప్యారిస్ నగరంలో అయిదో వంతు. అయిదు గ్రామాల నేల అది. అంధుల లిపి కనిపెట్టిన లూయీ బ్రెయిల్ పుట్టిన కూప్‌వ్రే ఆ అయిదింటిలో ఒకటి. భూమి సేకరించే పని ప్రభుత్వ సంస్థ నెత్తిన వేసుకుంది. రైలు మార్గమూ పార్కు గేటు దాకా పొడిగించారు. 1992 ఏప్రిల్ 12న పార్కు తెరిచారు. ఆ జూన్‌లోనే రైతులు ట్రాక్టర్లతో వచ్చి దారి దిగ్బంధించారు. అయితే ఆ ఆందోళన భూమి కోసం జరిగింది కాదు. యూరప్ వ్యవసాయ విధానం మార్పుల మీద, అమెరికా వాణిజ్య ఒత్తిడి మీద జరిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి.

తర్వాతేమైంది? మొదటి పార్కే నష్టాల్లో పడింది. 1994లో అప్పులు సర్దుబాటు చేయాల్సి వచ్చింది. 2002లో రెండో పార్కు తెరిస్తే చూడడానికి తగినన్ని లేవని వచ్చినవాళ్లు పెదవి విరిచారు. చివరికి 2018లో ఆ రెండో పార్కునే 200 కోట్ల యూరోలతో పెంచి బాగుచేస్తామని కంపెనీ ప్రకటించింది. మూడో పార్కు మాట ఒప్పంద పత్రాల్లోనే ఉంది. ముందు భూమి, తర్వాత హడావిడి, ఆ తర్వాత మరమ్మతు. ఈ వరస మనం గుర్తుపెట్టుకోవాలి.

అదే ప్యారిస్‌కు ఉత్తరాన గోనెస్ అనే ఊరుంది. అక్కడి సారవంతమైన పొలాల్లో 80 హెక్టార్లలో యూరోపా సిటీ పేరుతో దుకాణాలు, హోటళ్లు, వినోద కేంద్రం కడతామన్నారు. 310 కోట్ల యూరోల పథకం. ఒక పెద్ద ఫ్రెంచి దుకాణాల సంస్థ, ఒక చైనా కంపెనీ కలిసి ముందుకొచ్చాయి. ఉద్యోగాలొస్తాయని స్థానిక నాయకులు సమర్థించారు. రైతులు, పర్యావరణవాదులు, చుట్టుపక్కల జనం ఏళ్ల తరబడి ఎదిరించారు. 2019 నవంబరులో ఫ్రాన్స్ ప్రభుత్వం ఆ పథకాన్ని రద్దు చేసింది. గట్టిగా నిలబడితే ఆగుతుందనడానికి అది ఉదాహరణ.

"మా పిల్లలకు ఉద్యోగాలొద్దా?" అని మన ఊళ్లలోనూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫ్లోరిడా పార్కుల్లో వేలాది మంది పనిచేస్తున్నారు, కాదనలేం. కానీ పాత పార్కు బాగుచేయడానికీ తాపీ మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, తోటమాలి కావాలి. ఆ ఉద్యోగాలకు కొత్తగా ఒక్క సెంటు పొలం పోనక్కర్లేదు. పైగా భూమి పోతే పోయేది పట్టాదారు ఒక్కడి బతుకు కాదు. కౌలుదారూ కూలీ కూడా రోడ్డున పడతారు. వాళ్ల పేర్లు పాసుపుస్తకంలో ఉండవు కాబట్టి లెక్కలోకి రారు.

2013 భూసేకరణ చట్టం ప్రజా ప్రయోజనాల జాబితాలో పర్యాటకాన్నీ చేర్చింది. కాబట్టి ఈ ప్రమాదం మనకు దూరంగా లేదు. అదే చట్టం, అడిగిన భూమి అవసరానికి కనీసమా కాదా అని సామాజిక ప్రభావ అధ్యయనంలో తేల్చాలంటుంది. వేరే చోటు చూశారా అనీ అడగమంటుంది. అయిదేళ్లు వాడకుండా పెట్టిన భూమిని సొంతదారుకో, భూ బ్యాంకుకో తిరిగి ఇవ్వాలంటుంది. రెండు తెలుగు ప్రభుత్వాలూ సవరణలు తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ అధ్యయనం నుంచి మినహాయింపు ఇచ్చుకునే వీలు పెట్టుకున్నాయి. అధ్యయనం లేకపోతే ఆ ప్రశ్నలు మనమే వేయాలి.

గ్రామసభలో మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి, మినిట్స్‌లో ఎక్కించండి. ఒకటి, ఇంతకుముందు తీసుకున్న భూమిలో ఎంత వాడారు, ఎంత ఖాళీగా ఉంది? రెండు, ఉన్నదాన్ని బాగుచేస్తే పని జరగదా? మూడు, కౌలుదారులకు, కూలీలకు ఏమిస్తారు?

వీటికి సమాధానం వచ్చే దాకా సంతకం పెట్టొద్దు. డిస్నీ అంతటి కంపెనీయే ఉన్న గేటు లోపల పని వెతుక్కుంటున్నప్పుడు, మన పొలం గట్టు దాటి లోపలికి రావలసిన తొందర ఎవరికీ లేదు.