జూరాల దాటి అలంపురం దాకా

ఒకప్పటి అమరచింత సంస్థానానికి మన ఆత్మకూరే రాజధాని. ఇక్కడి నుంచి జూరాల ఆనకట్ట మీదుగా కృష్ణ దాటితే గద్వాల. అక్కడి రాజు సోమనాద్రి కట్టించిన మట్టికోటలో చెన్నకేశవాలయం ఉంది, డిగ్రీ కళాశాలా ఉంది. కోట చూసి, గద్వాల చీరలు బేరమాడేసరికి ఒక పూట గడిచిపోతుంది. అలంపురానికి మాత్రం రోజంతా ఉంచుకోండి.

తుంగభద్ర ఒడ్డున ఉన్న నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులవి, 7, 8 శతాబ్దాల నాటివి. పేర్లన్నీ బ్రహ్మవి, లోపల కొలువైంది శివుడు! చాలావాటి శిఖరాలు మనకు అలవాటైన మెట్ల గోపురాల్లా ఉండవు. ఒంపు తిరుగుతూ పైకి లేస్తాయి, కొసన ఉసిరికాయలా చారలు తీరిన ఆమలకం కూర్చుంటుంది. స్వర్గబ్రహ్మ ఆలయం చుట్టూ తాపీగా తిరగండి. మూలల్లో దిక్పాలకులు కనిపిస్తారు.

జోగులాంబ గుడి ఇప్పుడున్నది కొత్త కట్టడం, 2005 నాటిది. అమ్మవారి దర్శనం కాగానే చాలామంది బస్సెక్కేస్తారు. అది నాకు నచ్చదు. ఊరి బయట కూడవెల్లి సంగమేశ్వరాలయం మిగిలిపోతుంది కదా! శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని ఆ గుడిని రాయి రాయి విప్పి, అలంపురానికి తెచ్చి, మళ్లీ నిలబెట్టారు. దాన్ని చూశాకే తిరుగు బస్సు సంగతి ఆలోచించండి.