కేబుల్ వచ్చింది, చదువు రావాలి
(అండమాన్-నికోబార్ ద్వీపాల ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైలు పట్టా లేని గడ్డ మీద నిలబడి రైల్వే, తపాలా ఉద్యోగులతో మాట్లాడుతున్నాం. ఇక్కడ రైలు లేకపోయినా, రైలు మోసిన తపాలా సంచీ ఓడనెక్కి ఈ తీరం చేరుతూనే వచ్చింది. ఆ సంచీలో మనియార్డర్లతోపాటు పాఠాలు కూడా ప్రయాణించాయి. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం, 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించాయి. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన ఆంధ్రప్రదేశ్‌లో వెలసింది. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపకులపతి అయ్యారు. ఆచార్యులు రచించిన పాఠాన్ని విద్యార్థి గడప దాకా చేర్చినవారు మాత్రం ఆర్.ఎం.ఎస్. సార్టరు, పోస్ట్‌మాన్. దూరవిద్యలో మన శ్రమ కూడా ఉన్నది.

ఇప్పుడు పాఠం సంచీ విడిచి తీగ ఎక్కింది. 2020 మార్చిలో విద్యాలయాలు మూతబడినప్పుడు ఈ ద్వీపాలు బయటి ప్రపంచంతో సంబంధానికి ఉపగ్రహం మీదనే ఆధారపడి ఉన్నాయి. ఆ ఏడాది ఆగస్టు 10న చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైనది. నేడు శ్రీవిజయపురమని పిలువబడుతున్న పోర్ట్ బ్లెయిర్‌కే కాక స్వరాజ్ ద్వీపం, రంగత్, లాంగ్ ఐలాండ్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్‌లకు కూడా అది చేరింది. ఆ పనిని నెరవేర్చినది ప్రభుత్వరంగ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్. అని గర్వంగా చెబుతున్నాం.

అయితే కేబుల్ ఒడ్డుకు చేరినంత మాత్రాన పాఠం విద్యార్థికి చేరినట్లు కాదు. 1967లో స్థాపితమైన జవహర్‌లాల్ నెహ్రూ ప్రభుత్వ కళాశాల, 1990లో మాయాబందర్‌లో ఏర్పడిన మహాత్మాగాంధీ ప్రభుత్వ కళాశాల సముద్రానికి ఆవలనున్న పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా పెరిగాయి. ఇటువంటి చోట ఆన్‌లైన్ బోధన విలాసం కాదు, అవసరం. కాని రాత్రి డ్యూటీ చేసే ఉద్యోగి ఉదయం పది గంటల ప్రత్యక్ష తరగతికి ఎట్లా కూర్చుంటాడు? అతనికి కావలసినది భద్రపరచిన పాఠం. లైను తెగినా చూసుకోగలిగేట్లు అది కళాశాల గ్రంథాలయంలోనే నిలువ ఉండాలి. ప్రయోగశాల పనికి మాత్రం తెర చాలదు. అందుకు మనిషీ, పరికరమూ ఎదుట ఉండవలసిందే.

యంత్రం వచ్చినప్పుడల్లా కార్మికుడు అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది మన చేతికి పనిముట్టా, మన మెడకు కత్తా? 2013 జూలైలో తంతి సేవ ముగియడం చూచిన మనం ఈ ప్రశ్నను ఉపాధ్యాయ సోదరుల పక్షాన కూడా అడుగుతున్నాం. పాఠాన్ని ఒకసారి రికార్డు చేయించి అధ్యాపకుని పోస్టు ఖాళీగా ఉంచే పద్ధతిని మనం అంగీకరించం.

కనుక మనం కోరుతున్నవి ఇవి:

1. ఆన్‌లైన్ పాఠం తయారీకి వెచ్చించే కాలాన్ని అధ్యాపకుని పనిగంటలలో లెక్కించాలి. ముందుగా శిక్షణ ఇవ్వాలి.

2. ప్రతి కళాశాలలో యంత్రాలను సరిచేసే, విద్యార్థికి దారి చూపే సిబ్బందిని శాశ్వత ప్రాతిపదికపై నియమించాలి.

3. కళాశాల లేని ద్వీపాలలో పాఠశాలలోనో, తపాలా కార్యాలయంలోనో ఒక గదిని కంప్యూటర్లతో అధ్యయన కేంద్రంగా తెరవాలి.

4. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. బెంగాలీ, తమిళ, నికోబారీ సోదరులతోపాటు వీరికి కూడా తమ భాషలో సహాయక పాఠాలు అందాలి.

మిత్రులారా! సంచీ మోసిన నాడు చిరునామా ఉన్న ఏ ఉత్తరాన్నీ మనం దారిలో వదలలేదు. ఈ పాఠానికి ద్వీపంలోని చిట్టచివరి విద్యార్థి చిరునామా వ్రాయించడమే మన కర్తవ్యం. అందుకు అధ్యాపక, విద్యార్థి సంఘాలతో చేయి కలపవలసిందిగా ప్రతి శాఖనూ కోరుతున్నాం.

ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!