ఫీజు కోసం చదువు ఆగొద్దు
(యువజన సమ్మేళనంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన మార్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ దంపతుల చొరవతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. ఆనాడు బడి దొరకడమే కష్టం. ఈనాడు ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు ఉన్నాయి. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. అయినా ఇంటర్ దాటినాక మన పిల్లలు చాలామంది ఆగిపోతున్నారు. సీటు వచ్చినోళ్లు కూడా ఆగిపోతున్నారు.

ఎందుకని గూడెం గూడెం తిరిగి అడిగితే ఒకటే మాట వినబడింది: డబ్బు సమయానికి అందదు. కాలేజీ ఫీజు అడిగేది వానాకాలంలో. అప్పుడు ఇంట్లో పైసలన్నీ విత్తనంలో, ఎరువులో ఉంటాయి. పత్తి పైసలు చేతికొచ్చేది దండారి అయినాక. స్కాలర్‌షిప్ అంతకంటే ఆలస్యం. ఈ మధ్య నెలల్లోనే సేటు గడప తొక్కుతున్నాం. ఇద్దరు చదివే ఇంట్లో ముందు ఆగేది ఆడపిల్ల చదువే. ఇది మనం ఒప్పుకోవద్దు.

అందుకే కొన్ని సంగతులు చెప్పుకుందాం.

మొదటిది, సీటు తీసుకునే ముందే లెక్క రాసుకోండి. ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు, హాస్టల్, బస్సు చార్జీ, పుస్తకాలు ఒక్కొక్కటి విడిగా రాయండి. ఏది ప్రభుత్వం ఇస్తుంది, ఏది మన జేబులోంచి పోతుంది అడగండి. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే ఫీజు రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు రాదు. "ముందు చేరండి, తర్వాత చూద్దాం" అనే దళారి మాట నమ్మొద్దు.

రెండోది, కాగితాలు. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీ సేవలో ఎండాకాలమే దరఖాస్తు పెట్టండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకే తీరుగా ఉండాలి. ఒక్క అక్షరం తేడాతో ఈపాస్ దరఖాస్తు ఆగిపోతుంది. ఖాతాకు ఆధార్ జోడించి ఉందో లేదో చూసుకోండి. హాజరు 75 శాతం తగ్గనీయొద్దు.

మూడోది, రీయింబర్స్‌మెంట్ రాలేదని కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు పట్టుకుంటున్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోవద్దని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఒక్కరే పోయి బతిమాలొద్దు. దరఖాస్తు రాసి, నకలు మీద ముద్ర వేయించుకుని, ఐటీడీఏకు కూడా ఇవ్వండి. మేమూ వెంట వస్తాం.

నాలుగోది, పెద్ద చదువుల మాట. ఐఐటీల్లో ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. పేరున్న జాతీయ సంస్థల్లో సీటు వస్తే, కుటుంబ ఆదాయం 6 లక్షలలోపు ఉన్న ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 1,000 కొత్త స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. పీహెచ్‌డీ చేసేవాళ్లకు 750 ఫెలోషిప్‌లు, విదేశాలకు పోయేవాళ్లకు 20 స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. ఇవి దేశమంతటికీ కలిపి. పోటీ ఉంటుంది, అయినా దరఖాస్తు పెట్టకపోతే మన వంతు ఎప్పటికీ రాదు.

ఐదోది, అప్పు తప్పకపోతే బ్యాంకుకు పోండి. 7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా విద్యారుణం ఇచ్చే ఏర్పాటు ఉంది. కుటుంబ ఆదాయం 4.5 లక్షలలోపు ఉంటే, న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న వృత్తివిద్యా కోర్సులకు చదువుకునే కాలంతో పాటు ఆపై ఏడాది వడ్డీని కేంద్రమే కట్టే పథకం ఉంది. అమ్మ సభ్యురాలిగా ఉన్న మహిళా సంఘం అప్పు కూడా సేటు మిత్తి కంటే ఎంతో నయం. మన ఏజెన్సీ భూమికి 1/70 చట్టం కాపలా ఉంది. చదువు పేరు చెప్పి పట్టా పుస్తకం మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టొద్దు.

కుటుంబ భారంతో కాలేజీకి పోలేనివాళ్లకు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. పని చేసుకుంటూ చదివినా డిగ్రీ డిగ్రీయే.

చివరగా మా ప్రతిపాదన. నాగోబా జాతరకు, దండారికి మనం ఇంటింటికీ ఇంత అని వేసుకుంటాం. ఎవరూ వద్దనరు. అదే తీరుగా పత్తి అమ్మినప్పుడు ఇంటికి కొంత తీసి గూడెం చదువు నిధి పెట్టుకుందాం. వానాకాలంలో ఫీజుకు మిత్తి లేకుండా ఇద్దాం, స్కాలర్‌షిప్ వచ్చినాక తిరిగి వేయించుకుందాం. లెక్క పుస్తకం చదువుకునే అమ్మాయిల చేతిలో ఉండాలి. ప్రతి నెలా అందరి ముందు చదవాలి. నిధి చిన్నదే కావచ్చు. పరీక్ష ఫీజుకు, బస్‌పాస్‌కు సరిపోయినా ఒకరి ఏడాది నిలబడుతుంది.

స్కాలర్‌షిప్ ఎవరో వేసే భిక్ష అనుకోవద్దు. షెడ్యూల్డు తెగల చదువును ప్రత్యేక శ్రద్ధతో ముందుకు తేవాలని రాజ్యాంగం 46వ అధికరణలో రాసుకుంది. తలెత్తి అడగండి. చదువు అయినాక మీ తర్వాత వచ్చే తమ్ముడి దరఖాస్తు మీరే నింపండి, చెల్లెలి ఫీజుకు నిధిలో మీ వంతు మీరే వేయండి.

జై జంగో, జై లింగో. జై సేవ.