వినాయకుణ్ణి చూసొద్దాం రండి
(షామ్‌బర్గ్‌లో మన సంఘం జరిపిన వినాయక చవితి సభలో చేసిన ప్రసంగం)

 

కార్యదర్శిగారు నన్ను వినాయక చవితి విశిష్టత గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. విశిష్టత సంగతి పురోహితులుగారు పొద్దున పూజలోనే చెప్పారు. శమంతకోపాఖ్యానం చదివి అందరి చేతా అక్షతలు వేయించారు. ఇరవై ఒక్క రకాల పత్రి ఈ దేశంలో ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు కూడా ఆయనే సమాధానం చెప్పారు, దొరికినంతే చాలునని. కనుక నేను పూజ జోలికి పోను. పూజ అయిపోయి, ఉండ్రాళ్ళు తిని, ఒక కునుకు తీసి లేచాక సాయంత్రం మేము ఏం చేసేవాళ్ళమో అది చెబుతాను. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు పూజ తెలుసు. ఆ సాయంత్రం మాత్రం తెలియదు. అది వాళ్ళ తప్పు కాదు, మాది. ముఖ్యంగా నాది.

మాది హైదరాబాదులో చిక్కడపల్లి. 1972లో నాకు ఏడేళ్ళు. చవితినాడు దీపాలు పెట్టే వేళకు మా అమ్మ చీర మార్చుకుని, జడలో ఇంత కనకాంబరం పెట్టుకుని గడపలో నిలబడేది. మా నాన్నగారు చెప్పులు వేసుకుంటూ, "పదండి, వినాయకుణ్ణి చూసొద్దాం" అనేవారు. ఏ వినాయకుణ్ణి అని ఎవరూ అడిగేవారు కారు. అది ఒక గుడి పేరు కాదు, ఒక ఇల్లు కాదు. వీధి మొదలు ఎక్కడుంటే అక్కణ్ణుంచి, కాళ్ళు ఎంతవరకు మోస్తే అంతవరకు.

పిల్లలకు మండపం అంటే ఏమిటో చెప్పాలి. వీధి మలుపులో నాలుగు వెదురు గడలు పాతి, పైన గుడ్డ కప్పి, రంగు కాగితాల తోరణాలు కట్టి, లోపల బల్లమీద మట్టి వినాయకుణ్ణి నిలబెడితే అది మండపం. దానికి ఖర్చు ఎవరిస్తారు? వీధి ఇస్తుంది. నెలరోజుల ముందునుంచే కుర్రాళ్ళు చందా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు. రూపాయి ఇచ్చినవాడికీ రసీదు, పావలా ఇచ్చినవాడికీ రసీదు. మా వీధి మండపానికి దీపాల తోరణం కట్టేది సైకిలు షాపు సాహెబు. ఆయన చందా ఇవ్వడు, కూలీ పుచ్చుకోడు, లెక్క సరిపోయిందనేవాడు. బల్బు మాడిపోతే నిచ్చెన వేసుకుని వచ్చి మార్చి పోయేవాడు.

అలా ఒక వీధిలో ఒకటి, పక్క వీధిలో ఇంకొకటి. ఒకచోట వినాయకుడు ఎలుక మీద, ఒకచోట నెమలి మీద, ఇంకొకచోట పడగ విప్పిన పాము నీడన. కొంచెం డబ్బున్న మండపంలో చిన్న మోటారు పెట్టి కదిలే బొమ్మలు చూపించేవారు. కాళియుడి పడగమీద కృష్ణుడు అటూ ఇటూ ఊగుతుంటే నేను నోరు తెరుచుకుని నిలబడిపోయేవాణ్ణి. "బాబూ, జరుగు, వెనకవాళ్ళు కూడా చూడాలి" అని ఎవరో వీపుమీద తట్టేవారు. ఆయనెవరో నాకు తెలియదు, నేనెవరో ఆయనకు తెలియదు. అయినా నా దోసిట్లో గుప్పెడు శనగలు పోసేవాడు, "అమ్మకు కూడా పట్టుకుపో" అనేవాడు.

నడుస్తున్నంతసేపూ తల ఎత్తకూడదు. ఆకాశంలో చవితి చంద్రుడు ఉంటాడు. చూస్తే నీలాపనింద. కథ విన్నవాళ్ళకు అక్షతలు పడ్డాయి కనుక ఫరవాలేదని మా నాన్నగారు అనేవారు గాని మా అమ్మ ఒప్పుకునేది కాదు. ఒకవేళ పొరపాటున చూస్తే పక్కింటి మీద రాయి వేసి తిట్లు తినాలట, దానితో దోషం పోతుందట. మా అన్నయ్య ప్రతి ఏడూ కావాలనే చూసేవాడు. ఇక్కడ అలాంటి పని చేస్తే తిట్లతో పోదు లెండి, పోలీసు కారు వస్తుంది.

చిక్కడపల్లిలో బయలుదేరి, దోమలగూడ దాటి, లిబర్టీ మీదుగా, సెక్రటేరియట్ పక్కనుంచి ఖైరతాబాదు చేరేవాళ్ళం. తిరుగు ప్రయాణానికి కాళ్ళు లేకపోతే బస్సు. ఖైరతాబాదు వినాయకుడి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1954లో సింగరి శంకరయ్యగారు ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టారు. 1893లో పుణేలో తిలక్‌గారు ఇళ్ళలోని గణపతి పూజను వీధిలోకి తెచ్చి జనాన్ని కూడగట్టిన సంగతి ఆయన మనసులో ఉండేదట. ఏటా ఒక అడుగు పెంచుతూ పోవాలని నియమం. ఆ లెక్కన నేను మొదటిసారి చూసినప్పుడు పంతొమ్మిది అడుగులు ఉండాలి. నాకు మాత్రం తల కనబడలేదు. నాన్నగారి భుజాలెక్కితేగాని కిరీటం అందలేదు. తరువాత అరవై అడుగుల దాకా పెరిగింది. శిల్పి చిన్నస్వామి రాజేంద్రన్‌గారు ఎన్నో ఏళ్ళు ఆ విగ్రహాలు చేశారు. చవితికి దాదాపు మూడు నెలల ముందే కర్రపూజ చేసి పని మొదలుపెడతారు. 2020లో కరోనా వచ్చినప్పుడు తొమ్మిది అడుగుల మట్టి విగ్రహంతో సరిపెట్టుకున్నారు. 2022లో మొత్తం మట్టితోనే యాభై అడుగులు నిలబెట్టారు. డెబ్భై ఏళ్ళు నిండాయని 2024లో డెబ్భై అడుగులు, 2025లో అరవై తొమ్మిది.

బాలాపూర్ లడ్డూ సంగతి కూడా పిల్లలు ఫోనులో చూసే ఉంటారు. 1994లో మొదటి వేలంలో నాలుగు వందల యాభై రూపాయలు పలికింది. 2025లో ముప్ఫై అయిదు లక్షలు. ఆ డబ్బు ఊరి పనులకు వాడతారని చెబుతారు, మంచిదే. కాని నా మాట అడిగితే, నా దోసిట్లో పడిన ఆ గుప్పెడు శనగలకు ఎవరూ వేలం పెట్టలేరు.

ఎత్తులు, లక్షలు చెప్పి మిమ్మల్ని ఆశ్చర్యపరచాలని ఇది చెప్పలేదు. అంత పెద్ద విగ్రహానికీ మా వీధి మలుపులోని మూరెడు విగ్రహానికీ ఒక్కటే మర్యాద ఉండేది. ఎవరూ పిలవరు, ఎవరైనా రావచ్చు. పిలుపు లేకుండా మరొకరి వీధిలోకి, మరొకరి దేవుడి దగ్గరికి నడిచి వెళ్ళడమే ఆ సాయంత్రం. మిగతా పండుగలకు మన ఇంట్లో మనం ఉంటాం. చవితికి మాత్రం పరాయి వీధి మనదయ్యేది.

ఇక మన ఊరి సంగతి. ఈ షామ్‌బర్గ్ గ్రామంగా ఏర్పడింది 1956లో. అంటే ఖైరతాబాదు వినాయకుడు ఈ ఊరికంటే రెండేళ్ళు పెద్దవాడన్నమాట! అప్పుడు ఇక్కడి జనాభా నూట ముప్ఫై మంది. జర్మను రైతుల పొలాలు. 1971లో వుడ్‌ఫీల్డ్ మాల్ వచ్చింది, మోటరోలా వచ్చింది, ఇళ్ళు వచ్చాయి, వాటి వెంట మనం వచ్చాం. ఊరికి పాత బజారంటూ లేదు, కారు లేకుండా పని లేదు. ఒకరి వాకిట్లోంచి ఇంకొకరు నడిచి పోయే అవసరం ఎప్పుడూ కలగకుండా వీధులు వేశారు. మన తెలుగువాళ్ళు ఇక్కడికి వచ్చిన తొలి రోజుల్లో గుడి అంటే పిట్స్‌బర్గ్ లేదా న్యూయార్కు. ఫ్లషింగ్‌లో గణపతి ఆలయం 1977లో జులై 4న వెలిసింది. 1980ల మధ్యలో మనకు లెమాంట్‌లోనూ అరోరాలోనూ గుళ్ళు వచ్చాయి. ఆ గుళ్ళు కట్టిన పెద్దలు ఈ సభలోనూ ఉన్నారు. వాళ్ళ కష్టం తక్కువది కాదు, వాళ్ళు లేకపోతే ఈ పిల్లలకు పూజ కూడా తెలిసేది కాదు. కాని గుడికి వెళ్ళడం వేరు, వినాయకుణ్ణి చూసిరావడం వేరు. ఆ సంగతి నాకు మా అమ్మ చెప్పింది.

1997లో అమ్మ మా ఇంటికి వచ్చింది. చవితినాడు పూజ బాగా జరిగింది. సాయంత్రం నేను ఆఫీసు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. తల ఎత్తి చూస్తే అమ్మ చీర మార్చుకుని గడపలో నిలబడి ఉంది. "ఏరా, వినాయకుణ్ణి చూసొద్దామా?" అంది.

నాకు నవ్వు వచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది. సరే పద అని చేయి పట్టుకుని వీధిలోకి తీసుకెళ్ళాను. ఆ చివరిదాకా నడిచాం. అన్నీ మూసి ఉన్న గరాజులు. పచ్చిక మీద నీళ్ళు చల్లే గొట్టం ఒక్కటి టకటకమంటూ తిరుగుతోంది. "ఇంతమంది ఉన్నారు, ఒక్కళ్ళూ బయట లేరేమిరా?" అంది. ఇంటికి వచ్చి హాఫ్‌మన్ ఎస్టేట్స్‌లో ఉన్న ఒక తెలుగువారికి ఫోను చేశాను, అమ్మను తీసుకుని వస్తామండీ, మీ వినాయకుణ్ణి చూస్తుంది అని. వారు మంచివారు. "అయ్యో, ఇవాళ ఇల్లు సర్దుకోలేదండీ, వచ్చే ఆదివారం భోజనానికే రండి" అన్నారు. అమ్మతో చెప్పాను. "వినాయకుణ్ణి చూడ్డానికి వాళ్ళు ఇల్లు ఎందుకు సర్దుకోవాలిరా?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆదివారం భోజనానికి వెళ్ళాం. ఆరు కూరలు చేశారు. వినాయకుణ్ణి అప్పటికే నీళ్ళలో కలిపేశారు.

అమ్మ 2001లో పోయింది. 2004లో చవితినాడు సాయంత్రం మా ఇంటి గంట మోగింది. తలుపు తీస్తే ఒక చిన్న జంట, అబ్బాయి చేతిలో పసిపిల్ల. కొత్తగా ఉద్యోగానికి వచ్చారట, మా వీధి వెనక అద్దె ఇళ్ళలో ఉంటున్నారట. మా గుమ్మానికి మామిడాకులు కనబడి ఆగారట. మామిడాకులంటే ప్లాస్టిక్‌వే లెండి. "అంకుల్, నమస్తే అండీ. మీ వినాయకుణ్ణి చూసి వెళ్దామని" అన్నాడు అబ్బాయి. ఆ అమ్మాయి చేతిలో స్టీలు పళ్ళెంలో ఉండ్రాళ్ళు.

నా వెనక గదిలో పత్రి అంతా చెల్లాచెదురుగా ఉంది. వంటింటి తొట్టి నిండా గిన్నెలు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఇవాళ కాస్త అలసిపోయాం బాబూ, ఆదివారం గుడికి వస్తారుగా, అక్కడ కలుద్దాం" అన్నాను. "అలాగే అంకుల్" అని నవ్వుతూ వెళ్ళిపోయారు. పళ్ళెం మాత్రం పుచ్చుకున్నాను. తలుపు వేసి వెనక్కి తిరిగాక అమ్మ మాట గుర్తుకు వచ్చింది. వెంటనే బయటికి పరుగెత్తాను. వాళ్ళు అప్పటికే మలుపు తిరిగారు. పేరు కూడా అడగలేదు నేను. ఆ ఆదివారం గుడిలో వెతికాను, ఆ తరువాత అద్దె ఇళ్ళ దగ్గర కూడా వాకబు చేశాను. కొన్ని నెలలకు ఊరు మారిపోయారని తెలిసింది.

ఇరవై ఏళ్ళు దాటినా ఈ సంగతి ఏ సభలోనూ చెప్పలేదు. ఇవాళ చెప్పడానికి కారణం మా మనవరాలు. పోయిన ఏడు చవితికి అది మట్టితో తానే ఒక వినాయకుణ్ణి చేసింది. తొండం కుడికో ఎడమకో తేల్చుకోలేక నిటారుగా పెట్టింది. పూజ అయ్యాక, "తాతయ్యా, నా వినాయకుణ్ణి చూడ్డానికి ఎవరు వస్తారు?" అని అడిగింది. పిలిస్తే వస్తారమ్మా అన్నాను. "హాలోవీన్‌కి ఎవర్నీ పిలవం కదా, లైటు వేస్తే వస్తారు కదా" అంది.

చూడండి, దానికి తెలిసింది నాకు ముప్ఫై అయిదేళ్ళుగా తెలియలేదు! ఈ ఊళ్ళో కూడా పిలవని ఇంటికి నడిచి వెళ్ళే సాయంత్రం ఒకటి ఉంది. గుమ్మంలో దీపం వెలుగుతుంటే రమ్మని, ఆరిపోయి ఉంటే వద్దని. ఎవరూ నొచ్చుకోరు. ఎవరూ ఇల్లు సర్దుకోరు, ఆరు కూరలు వండరు. గుప్పెడు మిఠాయి చేతిలో పెట్టి పంపుతారు. మన పిల్లలు ఆ పద్ధతి పుట్టినప్పటినుంచీ ఎరుగుదురు.

కాబట్టి కార్యవర్గం అనుమతితో ఒక మాట. వచ్చే చవితినాడు, ఆదివారానికి జరపకుండా చవితినాడే, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు గుమ్మంలో దీపం వేసి ఉంచగలవాళ్ళు ఎవరో మనకు తెలియాలి. వినాయకుణ్ణి గరాజులో పెట్టండి, తలుపు పైకెత్తి ఉంచండి. అది మండపం కాకపోతే మరేమిటి? నైవేద్యం గుప్పెడు శనగలు. ఇల్లు సర్దుకున్నవాళ్ళ పేరు కొట్టేస్తాం. వీధిలో ఉన్న తక్కినవాళ్ళు, తెలుగువాళ్ళయినా కాకపోయినా, దీపం చూసి వస్తే రానివ్వండి. దూరంగా ఉన్నవాళ్ళు కారు ఒకచోట ఆపి, కనీసం మూడు ఇళ్ళ మధ్యనైనా నడవండి. చంద్రుణ్ణి చూసే విషయంలో పిల్లల ఇష్టం.

ప్రసాదాల బల్ల చివర ఒక కాగితం పెట్టాను. మొదటి పేరు మా మనవరాలు రాసింది. గాలికి ఎగిరిపోకుండా దానిమీద ఒక స్టీలు పళ్ళెం ఉంది. వెనక తెలుగులో ఒక పేరు చెక్కి ఉంటుంది, ఆ అమ్మాయి తల్లిగారి పేరు కాబోలు. ఎవరైనా గుర్తుపడితే నాకు చెప్పండి. లేకపోతే పేరు రాసి, పళ్ళెం మళ్ళీ కాగితం మీదే పెట్టండి.