ఫోన్‌లో జీపీఎస్ ఉందిగా, మరి మంచు కింద పడ్డ మనిషి ఎందుకు దొరకడు?

పోయిన వారం సియాటెల్ నుంచి నా బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఎంఎస్ అయిపోయి అక్కడే జాబ్ చేస్తున్నాడు. "రేయ్, వచ్చే నెల మా టీం వాళ్ళతో బ్యాక్‌కంట్రీ స్కీయింగ్‌కి పోతున్నా. ఏదో బీకన్ అంట, అది లేకపోతే రావద్దంటున్నారు. కొంటే మూడు నాలుగు వందల డాలర్లు. ఫోన్‌లో జీపీఎస్ ఉంది, వాచ్‌లో జీపీఎస్ ఉంది, మళ్ళీ ఇదెందుకురా?" అని.

బ్యాక్‌కంట్రీ అంటే రిసార్ట్ హద్దులు దాటి, ఎవరూ చదును చెయ్యని, ఎవరూ కాపలా కాయని కొండ మీద స్కీయింగ్. వాడి మెసేజ్ విని నవ్వొచ్చింది. ఎందుకంటే సరిగ్గా ఇదే ప్రశ్న రెండేళ్ల క్రితం గుల్‌మార్గ్‌లో నేనూ అడిగా. అప్పటికి నేనింకా సాఫ్ట్‌వేర్ జాబ్‌లోనే ఉన్నా. అడగడంతో ఆగలేదు, హోటల్ రూంలో కూర్చుని బ్లూటూత్‌తో యాప్ కూడా రాయడం మొదలుపెట్టా. ఆ యాప్ ఏమైందో కాసేపట్లో చెప్తా. ఈ ఎపిసోడ్ వాడికి నా రిప్లై అనుకోండి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మంచు కింద కూరుకుపోతే మనిషి చలికి గడ్డకట్టి చనిపోతాడని అనుకుంటాం కదా? ఎక్కువమంది పోయేది చలికి కాదు, ఊపిరాడక. మంచుచరియ కిందికి దొర్లేటప్పుడు పిండిలా పారుతుంది, ఆగిన మరుక్షణం సిమెంట్‌లా బిగుసుకుపోతుంది. వేలు కూడా కదలదు. మంచు రేణువుల మధ్య గాలి ఉంటుంది, కాదనను. కానీ మనం వదిలిన గాలినే మళ్ళీ మనం పీలుస్తుంటాం. పైగా ఊపిరి వేడికి మొహం ముందున్న మంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, ముక్కుకి అద్దం పలక అడ్డుపెట్టినట్టు అవుతుంది.

1994లో నేచర్ పత్రికలో స్విట్జర్లాండ్ ప్రమాదాల లెక్కలు వచ్చాయి. పూర్తిగా కూరుకుపోయిన మనిషిని 15 నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం 90 శాతం పైన. అదే 35 నిమిషాలైతే 30 శాతం దగ్గరికి పడిపోయింది. తర్వాత వచ్చిన స్టడీలు 15 కూడా ఎక్కువే, 10 అనుకోండి అంటున్నాయి. పది నిమిషాలంటే మనం ఆర్డర్ పెట్టిన బిర్యానీ ప్యాక్ కూడా అవ్వదు. హెలికాప్టర్ వచ్చేదెప్పుడు? అందుకే మంచు కింద ఉన్నవాణ్ణి కాపాడగలిగేది పైన మిగిలిన స్నేహితులే. ఈ టెక్నాలజీ మొత్తం ఆ నలుగురి కోసం తయారైంది, రెస్క్యూ టీం కోసం కాదు.

ఇప్పుడు ఫోన్ సంగతి. జీపీఎస్ అంటే మీ ఫోన్ శాటిలైట్లు చెప్పేది వింటుంది, అంతే. "నేనిక్కడున్నా" అని తను ఎవరికీ చెప్పదు. చెప్పాలంటే నెట్‌వర్క్ కావాలి, ఆ లోయల్లో చాలాచోట్ల టవర్ ఉండదు. సరే, ఉందనుకుందాం. ఆ నీలం చుక్క నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. క్యాబ్ డ్రైవర్ అయితే ఫోన్ చేసి "సార్, ఎక్కడున్నారు?" అంటాడు. మంచు కింద ఉన్నవాడు ఫోన్ ఎత్తలేడు. నాలుగు మీటర్ల తేడా అంటే సుమారు 50 చదరపు మీటర్ల జాగా. మీటర్ లోతు తవ్వాలంటే 50 ఘనపు మీటర్ల మంచు. ఘనపు మీటర్‌కి 400 కిలోలు వేసుకున్నా 20 టన్నులు. చిన్న పారతో, పది నిమిషాల్లో. అయ్యే పనేనా?

"బ్లూటూత్ ఉందిగా బ్రో" అంటారు. నేనూ అదే అనుకున్నా. సిగ్నల్ బలాన్ని బట్టి దూరం లెక్కేసే కోడ్ రాసి, మా రూమ్మేట్ పాత ఫోన్‌ని హోటల్ వెనకాల మోకాలి లోతు మంచులో పాతిపెట్టి టెస్ట్ చేశా. ఒక అడుగు పక్కకి వేస్తే మీటర్ ఎగిరి పడేది, తల తిప్పితే ఇంకోటి చూపించేది. బ్లూటూత్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. ఆ తరంగాలని తడి మంచు మింగేస్తుంది, మన ఒళ్ళు మింగేస్తుంది, రాళ్ళకి తగిలి వెనక్కొస్తాయి. ఇరవై నిమిషాల తర్వాత పాతిన ఫోన్ తీసి చూస్తే స్విచ్ఛాఫ్ అయిపోయి ఉంది. చలికి బ్యాటరీ చేతులెత్తేసింది. రూమ్మేట్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే కథ.

నాకొచ్చిన ఐడియా నాకంటే ముందే వేరేవాళ్ళకి వచ్చింది. ఫోన్‌నే బీకన్‌గా వాడే మూడు యాప్‌ల గురించి 2013లో కెనడా అవలాంచ్ సెంటర్ బహిరంగంగా హెచ్చరించింది. అవి అసలు బీకన్లతో మాట్లాడలేవు, ఒకదానితో ఒకటి కూడా మాట్లాడుకోలేవు. మీ యాప్ వేరు, మీ ఫ్రెండ్ యాప్ వేరు అయితే ఇక అంతే.

మరి అసలు బీకన్ ఏం చేస్తుంది? ఛాతీ మీద పట్టీతో కట్టుకునే చిన్న పెట్టె అది. పేరు ట్రాన్స్‌సీవర్. కొండ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా సెకనుకి ఒకసారి దగ్గరదగ్గరగా ఒక పల్స్ పంపుతూనే ఉంటుంది, 457 కిలోహెర్ట్జ్ మీద. ఈసీఈ బ్యాచ్ ఉంటే ఒక్క సెకను ఆగండి. 455 కిలోహెర్ట్జ్ గుర్తొచ్చిందా? ఏఎం రేడియోలో ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ. వైవాలో అడిగితే నేను నోరెళ్లబెట్టిన ప్రశ్న. ఇదీ దాని పక్కింటి నంబరే.

457 దగ్గర తరంగం పొడవు 650 మీటర్ల పైమాటే. వెతికే దూరం మహా అయితే 50, 60 మీటర్లు. అంటే ఇది మనకి తెలిసిన రేడియో ప్రసారంలా కాదు, పక్కన అయస్కాంతం పెట్టినట్టు పనిచేస్తుంది. అయస్కాంత క్షేత్రానికి మంచు అడ్డం కాదు, నీళ్లు అడ్డం కాదు, మనిషి ఒళ్ళూ అడ్డం కాదు. ఇబ్బంది ఒకటే, దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అందుకే రేంజ్ తక్కువ. కానీ దాన్నే తిప్పి చూడండి, దగ్గరికి వెళ్ళేకొద్దీ సిగ్నల్ అమాంతం పెరుగుతుంది. దూరం కచ్చితంగా తెలిసేది అందుకే.

దీన్ని మొదట చేసింది అమెరికాలో, బఫలోలో ఉన్న కార్నెల్ ఏరోనాటికల్ ల్యాబ్‌లో పనిచేసిన జాన్ లాటన్. 1968లో. పేరు స్కాడి, నార్వే వైపు పురాణాల్లో కొండలకీ స్కీయింగ్‌కీ దేవత. అది 2.275 కిలోహెర్ట్జ్ మీద నడిచేది, అంటే మన చెవికి వినపడే రేంజే. యూరప్ వాళ్ళు మాత్రం 457 పట్టుకున్నారు. దాంతో చాలా ఏళ్ళు అమెరికావాడి పెట్టె పిలిస్తే యూరప్‌వాడి పెట్టెకి వినపడని పరిస్థితి. ఛార్జర్ పిన్నులు కలవకపోతేనే మనం తిట్టుకుంటాం, ఇక్కడ కలవనిది ప్రాణం. చివరికి 80ల్లో 457ని అందరికీ ఒకటే ప్రమాణంగా పెట్టుకున్నారు. ఈరోజు ఏ కంపెనీది కొన్నా ఇంకో కంపెనీ దానికి వినపడుతుంది.

పాత బీకన్లలో ఒకటే యాంటెన్నా, ఇయర్‌ఫోన్‌లో టిక్ టిక్ శబ్దం. మా తాతయ్య విజయవాడ స్టేషన్ సరిగ్గా రావట్లేదని రేడియోని బల్ల మీద అటూ ఇటూ తిప్పేవాడు, చూశారా? లోపల ఉన్న ఫెర్రైట్ కడ్డీ ఒక దిక్కుకి తిరిగితేనే గట్టిగా పలికేది. బీకన్ కూడా అచ్చం అంతే, తిప్పుతూ శబ్దం పెరిగే వైపు నడవాలి. బాగా ప్రాక్టీస్ ఉన్నవాళ్ళకే సాధ్యం. 1997లో రెండు యాంటెన్నాలు, చిన్న ప్రాసెసర్‌తో డిజిటల్ బీకన్ వచ్చింది. బాణం చూపిస్తుంది, నంబర్ చూపిస్తుంది. ఆ తర్వాత మూడో యాంటెన్నా చేరింది, పాతుకున్న బీకన్ నిలువుగా ఉన్నా తప్పు చోట చూపకుండా.

ఆ బాణం తిన్నగా మనిషి దగ్గరికి తీసుకెళ్లదు, ఇది గుర్తుపెట్టుకోండి. స్కూల్లో కాగితం కింద అయస్కాంతం పెట్టి ఇనుప రజను చల్లితే వంకర గీతలు వచ్చేవి కదా, ఆ గీత వెంబడి తీసుకెళ్తుంది. చాపంలా తిరిగి వెళ్తాం. నంబర్ పెరుగుతుంటే వెనక్కి తిరగాలి, అంతే. మూడు మీటర్ల లోపుకి వచ్చాక పరిగెత్తడం ఆపి, పెట్టెని మంచుకి ఆనించి, నెమ్మదిగా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి జరిపి, అతి చిన్న నంబర్ వచ్చిన చోట ఆగాలి. అక్కణ్ణుంచి ప్రోబ్ అనే పొడవాటి మడత కడ్డీతో జానెడు దూరంలో ఒక్కో పోటు, సుడి తిరుగుతున్నట్టు గుచ్చుకుంటూ వెళ్ళాలి. మెత్తగా తగిలితే కడ్డీ అక్కడే వదిలేసి, పల్లం వైపు నుంచి తవ్వాలి. అన్నిటికంటే ఎక్కువ టైం తినేది ఆ తవ్వడమే. బీకన్ కొని పార కొననివాడు సగం కొన్నట్టే.

నా డ్రిల్ ఎలా జరిగిందో చెప్తానన్నా కదా... అనలేదా? సరే, ఇప్పుడు చెప్తా. గుల్‌మార్గ్ గైడ్ ఒక బ్యాగులో బీకన్ పెట్టి పాతేసి, "వెతుకు" అన్నాడు. బాణం ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి, నంబర్ 18, 31, 12. నేను పిచ్చోడిలా తిరుగుతున్నా. దొరికేసరికి 14 నిమిషాలు. ఆయన వాచ్ చూసుకుని, "భాయ్, బ్యాగ్ పోయింది" అన్నాడు. తర్వాత నా జాకెట్ జేబు తట్టాడు. వీడియో రికార్డ్ ఆన్‌లో పెట్టిన ఫోన్, బీకన్‌కి ఆనుకుని ఉంది. చేతికి స్మార్ట్‌వాచ్. ఎలక్ట్రానిక్స్ వదిలే నాయిస్‌కి బీకన్ తికమక పడుతుంది. మామూలుగా నడిచేటప్పుడు ఫోన్ బీకన్‌కి 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉండాలి. పైగా మా గ్రూపులో ఒకడు తన బీకన్‌ని సెర్చ్ మోడ్‌లోకి మార్చలేదు. నేను కాసేపు వాడినే వెతుకుతున్నా.

ఇంకోటి ఉంది, రెకో. 1973లో స్వీడన్‌లోని ఓరెలో మంచుచరియ పడ్డప్పుడు మాగ్నస్ గ్రాన్‌హెడ్ అనే ఇంజనీర్ కర్రతో గుచ్చుతూ మనుషుల్ని వెతికాడు. ఆ తర్వాత స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్ళతో కలిసి దీన్ని తయారుచేశాడు. జాకెట్‌లో కుట్టే చిన్న బిళ్ళ, లోపల ఒక డయోడ్, ఒక యాంటెన్నా. బ్యాటరీ లేదు. రెస్క్యూ టీం రాడార్ సిగ్నల్ పంపితే అది ఫ్రీక్వెన్సీ రెట్టింపు చేసి వెనక్కి పంపుతుంది. బండరాయి రెట్టింపు చెయ్యలేదు కాబట్టి మనిషీ రాయీ తేడా తెలిసిపోతుంది. తెలివైన పని. కానీ ఆ డిటెక్టర్ రెస్క్యూ టీం చేతిలోనే ఉంటుంది, వాళ్ళు వచ్చేసరికి పది నిమిషాలు దాటిపోతాయి. జాకెట్ మీద రెకో లోగో చూసి బీకన్ ఇంట్లో వదిలేసేవాళ్ళు ఉన్నారు. ప్లీజ్, వద్దు.

ఇదంతా స్కీయింగ్ చేసే డబ్బున్నవాళ్ళ గోల అనుకోకండి. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, 19,000 అడుగుల పైన సోనం పోస్ట్ మీద మంచు గోడ కూలి మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పదిమంది కూరుకుపోయారు. అందులో ఒకరు మన కర్నూలు జిల్లా ఆయన. రాడార్లు, మంచు కోసే యంత్రాలు, కుక్కలు, అన్నీ పైకి చేర్చారు. ఆరో రోజు కర్ణాటకకి చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణంతో దొరికారు. కూలిన టెంట్‌లో గాలి మిగలడం వల్ల అన్ని రోజులు ఊపిరి నిలిచింది. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆర్మీ ఆసుపత్రిలో ఆయనా చనిపోయారు. మిగతా తొమ్మిదిమంది ప్రాణాలతో రాలేదు.

మా వాడికి ఇదంతా ఫోన్‌లో చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. బీకన్ కొన్నాడంట, పారతో సహా. వాళ్ళ టీం అంతా కలిసి అపార్ట్‌మెంట్ వెనక పార్కులో ఎండుటాకుల కింద బీకన్ పాతి ప్రాక్టీస్ చేస్తున్నారంట. మొదటిసారి తొమ్మిది నిమిషాలు పట్టింది, ఐదోసారి మూడున్నర. "తవ్వకుండారా?" అని అడిగా. తవ్వకుండానే అన్నాడు. మళ్ళీ చెయ్యమన్నా, ఈసారి ఫోన్ కార్లో పెట్టి. టైం ఎంతొచ్చిందో కామెంట్స్‌లో పిన్ చేస్తా. ఉంటా మరి.