రూపాయల్లో రాని లెక్కలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదికమీదే ఉన్నారు. నాకు అప్పగించిన విషయం వేరు. సరుకు రవాణా కంపెనీలు తమ సుస్థిరత గురించి రాసే ఆర్థికేతర నివేదికలు. పేరు విని బెదరనక్కరలేదు. జీవితమంతా రిజిస్టర్లు రాసిన మనకు ఇది తెలిసిన విద్యే.

కంపెనీ జమాఖర్చుల పుస్తకంలో లాభనష్టాలు ఉంటాయి. ఆ లాభం కోసం ఎంత డీజిలు కాల్చారు, ఎంత పొగ వదిలారు, పనిలో ఎందరికి దెబ్బలు తగిలాయి, ఎందరు ఆడవాళ్ళకు అధికార స్థానం ఇచ్చారు అన్నవి అందులో కనబడవు. వాటికోసం రాసేదే ఆర్థికేతర నివేదిక.

దీనితో మనకేం పని అని మీరు అడగవచ్చు. మన గ్రాట్యుటీ డబ్బు పిల్లలు మ్యూచువల్ ఫండ్లలో పెడుతున్నారు. అంటే పరోక్షంగా మనకూ ఆ కంపెనీలలో చిన్న వాటా ఉన్నట్లే. పైగా మన ఇంటికి మందుల పార్శిలు తెచ్చే కుర్రవాడు మన వీధివాడే, రేపు మన మనవడే కావచ్చు. వాడి పేరు ఏ పుస్తకంలోకి ఎక్కుతుందో మనకు తెలియాలి.

ఒక నిజమైన ఉదాహరణ చెబుతాను. జర్మనీలో తపాలా ఒకప్పుడు మనకు లాగే ప్రభుత్వ శాఖ. 1995లో దానిని డాయిష్ పోస్ట్ అనే కంపెనీగా మార్చారు. 2000లో షేర్ మార్కెట్టుకు వచ్చింది. 2002 నాటికి డి.హెచ్.ఎల్. పూర్తిగా దాని చేతికి వచ్చింది. 2023 నుంచి ఆ సంస్థ పేరే డి.హెచ్.ఎల్. గ్రూప్. మన దేశంలోని బ్లూ డార్ట్‌లో అధిక వాటా వారిదే.

ఈ సంస్థ 2008లో ఒక లక్ష్యం ప్రకటించింది. 2007తో పోల్చి, 2020 నాటికి కర్బన సామర్థ్యాన్ని 30 శాతం మెరుగుపరుస్తామన్నది. నాలుగేళ్ళు ముందుగానే, 2016లో, సాధించింది. మెచ్చుకోవలసిందే. కాని గుమాస్తా కళ్ళతో ఒకసారి చూడండి. సామర్థ్యం అంటే ఒక్కొక్క పార్శిలు మీద లెక్క. ఉదాహరణకు పార్శిలుకు 10 పాళ్ళ పొగ చొప్పున 100 పార్శిళ్ళకు 1000 పాళ్ళు. పార్శిలుకు 7 పాళ్ళకు తగ్గించి, 200 పార్శిళ్ళు పంపితే 1400 పాళ్ళు. రేటు తగ్గింది, మొత్తం పెరిగింది! ఆకాశానికి రేటుతో పని లేదు, మొత్తంతోనే పని.

అందుకే ఆ సంస్థ 2021లో మొత్తం మీదనే లక్ష్యం పెట్టింది. 2020లో 3 కోట్ల 30 లక్షల టన్నులున్న పొగను 2030 నాటికి 2 కోట్ల 90 లక్షల టన్నుల లోపుకు తెస్తామని, అందుకు 700 కోట్ల యూరోలు ఖర్చు చేస్తామని చెప్పింది. వారి పొగలో పెద్ద వాటా విమానాలది. కనుక విమానాలకు మేలురకం ఇంధనం, ఇంటింటికీ పంచే బండ్లకు విద్యుత్తు అన్నారు. లక్ష్యం చెప్పడం వేరు, చేరడం వేరు. ఏటేటా చూస్తూ ఉండవలసిందే.

ఇక అసలు చిక్కు అద్దె బండ్ల దగ్గర వస్తుంది. మన ఆఫీసు జీపు గుర్తున్నదా? లాగ్‌బుక్కులో బయలుదేరిన కిలోమీటరు, తిరిగి వచ్చిన కిలోమీటరు, పోసిన డీజిలు రాసేవాళ్ళం. ఆ జీపును కండెమ్ చేసి అద్దె కారు పెట్టాక లాగ్‌బుక్కు మూతబడింది. డీజిలు పద్దు సున్నా! కారు మాత్రం అవే రోడ్లమీద తిరిగేది. ఖర్చు ఇంకొక పద్దు కిందికి మారింది, అంతే.

రవాణా కంపెనీల వ్యవహారమూ ఇదే. సొంత బండ్లు, విమానాల పొగను మొదటి తరగతిలో రాస్తారు. కొన్న కరెంటు రెండవ తరగతి. బయటి లారీలు, ఓడలు, ఇతరుల విమానాలు మూడవ తరగతి. అద్దె బండ్ల మీద నడిచే వ్యాపారంలో మూడవ తరగతి వదిలేస్తే ఆ నివేదిక చిత్తు కాగితమే. పైన చెప్పిన టన్నులలో అద్దె రవాణా కూడా కలిసి ఉంది. అదే దాని విలువ.

మన దేశం సంగతి. సెబీ 2012లో 100 పెద్ద కంపెనీలతో బాధ్యతా నివేదికలు మొదలు పెట్టించింది. 2022-23 నుంచి మార్కెట్టు విలువ ప్రకారం మొదటి 1000 కంపెనీలకు బి.ఆర్.ఎస్.ఆర్. అనే కొత్త నమూనా తప్పనిసరి చేసింది. తొమ్మిది సూత్రాల కింద ప్రశ్నలుంటాయి. పర్మనెంటు సిబ్బంది ఎందరు, పర్మనెంటు కానివారు ఎందరు అని విడివిడిగా అడుగుతారు. ప్రమాదాలు, మరణాలు చెప్పాలి. 2023లో కొన్ని ముఖ్యమైన అంకెలకు బయటివారి తనిఖీ కూడా పెట్టారు, మొదట 150 పెద్ద కంపెనీలతో.

ఐరోపా వారు 2022 నాటి చట్టంలో ఇంకొక మాట చేర్చారు. లోకం వల్ల కంపెనీకి వచ్చే నష్టం ఒక్కటే కాదు, కంపెనీ వల్ల లోకానికి జరిగేదీ రాయాలన్నారు. మన భాషలో ఇన్‌వర్డు, అవుట్‌వర్డు రెండు రిజిస్టర్లూ ఉండాలన్నమాట. అయితే భారం ఎక్కువైందన్న మొర విని 2025లో చాలా కంపెనీలకు గడువు వాయిదా వేశారు.

మిత్రులారా, ఈ నివేదికలు కంపెనీల వార్షిక నివేదికలతో పాటు ఎవరికైనా దొరుకుతాయి. మనవల చేత తెప్పించుకుని చూడండి. మొక్కలు నాటే ఫొటోలు దాటేయండి. రేటు చెప్పారా, మొత్తం కూడా చెప్పారా? అద్దె బండ్లు కలిపారా? నిరుడు కొలిచిన గజంతోనే ఈ ఏడూ కొలిచారా? కాంట్రాక్టు కుర్రవాళ్ళకు ఇన్సూరెన్సు ఉన్నదా, వారి ప్రమాదాలు లెక్కలోకి వచ్చాయా? బయటివారెవరైనా తనిఖీ చేసి సంతకం పెట్టారా? సమాధానం లేకపోతే ఒక ఉత్తరం రాయండి. ఉత్తరం రాయడం, దానికి రిమైండరు రాయడం మనకంటే బాగా ఎవరికి వచ్చు?

పద్దులో చేరనిది జరగలేదని అనుకోవడం ఏ ఆఫీసుకైనా సుఖమే. బండి కింద పడి కాలు విరిగినవాడికి మాత్రం అది జరిగిన విషయమే. వాడిని పుస్తకంలోకి ఎక్కించమని అడగడానికి వయసు అడ్డం కాదు.